సగానికి మరిగించిన నీళ్ళు

ఆ ఇంట్లో నిప్పుకు భయపడని మనిషి లేడు. నీళ్ళను అనుమానించిన మనిషీ లేడు. ఈ రెండింటి మధ్య మా అమ్మాయి గర్భం సగం గడిచిపోయింది.

మా అమ్మాయి అంటున్నానే గానీ, కన్నది నా చెల్లెలు. ఆమె పోయాక పెంచింది నేను. పెళ్ళై ఏడాది తిరిగేసరికి కడుపుతో ఉన్నానని సంతోషంగా చెప్పింది. ఆ తరువాత ఆమె ఫోన్లు తగ్గాయి. చివరికి అల్లుడే చేశాడు.

"అత్తయ్యగారూ, తను పొద్దస్తమానం నిద్రపోతోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతోంది. కడుపుతో ఉన్నవాళ్ళు అలాగే ఉంటారంటుంది మా అమ్మ. మీరొకసారి వచ్చి చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది."

వెళ్ళాను. ఎండ మండిపోతున్న మధ్యాహ్నం అమ్మాయి తన భర్త స్వెటరు తొడుక్కుని కిటికీ పక్కన కూర్చుని ఉంది. ముఖం ఉబ్బింది, చేతుల మీద చర్మం గరుకు తేలింది. దువ్వెన నిండా జుట్టు.

"పెద్దమ్మా, నువ్వెప్పుడు..." అని ఆగిపోయింది.

"వచ్చావు, అనాలి," అని అందించాను.

నవ్వింది. ఆ నవ్వు కూడా ఆలస్యంగానే వచ్చింది. చిన్నప్పటి నుంచి నా వాక్యాలను నాకంటే ముందు పూర్తి చేసి నన్ను విసిగించిన పిల్ల అది.

వియ్యపురాలు వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మడత నలగని చీర, దాని మీద మందపాటి శాలువ. "రండి వదినగారూ. మీ పిల్లకి నేను పూచికపుల్ల పని కూడా చెప్పడం లేదు, కళ్ళారా చూసుకోండి."

"చూస్తూనే ఉన్నాను. నిద్ర ఎక్కడ చెడుతుందోనని భయపడుతున్నట్టున్నారు."

"మాటకి మాట మీ రక్తంలోనే ఉంది. మీ పిల్లే ఈ మధ్య ఆ విద్య మర్చిపోయింది," అని ఆమె హాయిగా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆమె పరిహాసంగా అన్నది నాకు రోగలక్షణంలా వినిపించింది.

"మరి మీకెందుకు ఈ ఎండలో శాలువ?"

"ఈ వీధి ఆడవాళ్ళందరం చలికాకులమే వదినగారూ. మగవాళ్ళు చొక్కాలు విప్పుకుని తిరుగుతుంటే మేం దుప్పట్లు వెతుక్కుంటాం. ఫ్యాక్టరీలో మందుగుండుతో పనిచేసేది వాళ్ళు కాబట్టి వేడంతా వాళ్ళే పట్టుకుపోయారని మా ఆయన అనేవాడు."

వీధి చివర ఉన్న ఫ్యాక్టరీలో ఓడలవాళ్ళు ఆపదలో ఆకాశంలోకి వదిలే ఎర్ర జ్వాలలు తయారవుతాయి. నడిసముద్రంలో మునిగిపోతున్నవాడు అది వెలిగిస్తే దూరాన ఉన్న మరో ఓడకు కనిపిస్తుంది. ప్రాణాలు నిలబెట్టే వస్తువు; ఆ మాట ఫ్యాక్టరీ గేటు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అల్లుడు పనిచేసేది మందు కలిపే గదిలో. అతని తండ్రీ అక్కడే పనిచేశాడు, అక్కడే కాలిపోయాడు. ఒక వేసవిలో నీళ్ళ గొట్టం చెడిపోయి, నేల ఎండి, ఎవరి చెప్పు కిందో రాలిన పొడి రాజుకుంది. అప్పటి నుంచి ఆ గదిలో నేలను ఎప్పుడూ తడిగానే ఉంచుతారు. పని ముగియగానే బల్లలు, గిన్నెలు, గోడలు అన్నీ నీళ్ళతో కడిగి వెనక ఉన్న గోతిలోకి వదిలేస్తారు. "తడిసిన మందు చచ్చిన పాము" అనేది వాళ్ళ సామెత. దాన్ని వాళ్ళు మంత్రంలా నమ్ముతారు.

వియ్యపురాలు ఆ నియమాన్ని ఇంటికి తెచ్చుకుంది. సాయంత్రం కొడుకు వీధి గుమ్మంలోంచి రాడు. పెరటి తలుపు దగ్గరే పని బట్టలు విప్పి, బావి పక్కన ఉన్న సిమెంటు తొట్టిలో పడేస్తాడు. ఆమె అప్పటికే బిందెతో సిద్ధంగా ఉంటుంది. బట్టలు పూర్తిగా మునిగేదాకా పోసి, కర్రతో అదిమి, అప్పుడు ఊపిరి పీలుస్తుంది. ఆ తరువాతే పొయ్యి వెలుగుతుంది. ఉతికాక తొట్టి కింది రంధ్రం బిరడా తీస్తే ఆ నీళ్ళు నేలలోకి ఇంకిపోతాయి. మొదటి రోజు అదంతా చూసి నాకు ఆమె మీద గౌరవం కలిగింది. పోగొట్టుకున్న మనిషి నేర్పిన జాగ్రత్త అది.

రెండో జాగ్రత్త వంటగదిలో కనిపించింది. పెద్ద గిన్నెలో బావి నీళ్ళు పొయ్యి మీద కుతకుతలాడుతున్నాయి.

"సగం అయ్యేదాకా మరగాలి వదినగారూ. కడుపుతో ఉన్న పిల్ల కదా. పురుగు కాదు కదా, దాని తాత కూడా బతకడు." చల్లార్చిన నీళ్ళను గ్లాసులో పోసి, కోడలి పక్కన నిలబడి, చివరి గుక్కదాకా తాగించింది. రోజంతా ఇదే. అల్లుడు మాత్రం ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఎక్కడి నుంచో గొట్టాల్లో వచ్చే నీళ్ళు తాగి, ఇంటికి వచ్చి ఒక్క కప్పు టీ తాగేవాడు.

డాక్టరమ్మ వయసులో చిన్నది, మాటలో తొందర. అమ్మాయి మెడను వేళ్ళతో తడిమి రక్తం తీయించింది. ఫలితాలు వచ్చాక మమ్మల్ని మళ్ళీ పిలిపించింది.

"థైరాయిడ్ బాగా మందగించింది. ఈ నిద్రా, ఈ చలీ దానివల్లే. మాత్ర మొదలుపెడదాం. ఒక్క విషయమే అర్థం కావడం లేదు. ఒంట్లో అయోడిన్ కొరత లేదు, మూత్రంలో కావలసినంత కనిపిస్తోంది. గ్రంథి మీద దాడి చేసే యాంటీబాడీలు లేవు. మీ కుటుంబంలో ఎవరికైనా ఈ జబ్బు ఉందా?"

"లేదు."

"అంటే సరుకు గుమ్మం దాకా వస్తోంది, లోపలికి పోవడం లేదు."

"బిడ్డ సంగతి?" అని అడిగాను. సమాధానం నాకు తెలుసు. ఉద్యోగం చేసినన్నాళ్ళు శరీరశాస్త్రమే పాఠం చెప్పాను. కడుపులోని బిడ్డకు తన గ్రంథి పని మొదలుపెట్టేదాకా మెదడు కట్టుకోవడానికి తల్లి హార్మోనే ఆధారం. తల్లి దగ్గరే లేకపోతే బిడ్డ ఎవరిని అడుగుతుంది?

"ఇకనుంచి జాగ్రత్తగా ఉందాం," అంది డాక్టరమ్మ.

"నేను అడిగింది ఇంతవరకు గడిచినదాని గురించి."

ఆమె కలం మూత పెట్టింది, తీసింది. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు.

మరుసటి ఉదయం వియ్యపురాలు బజారుకు వెళ్ళిన వేళ, ఊరికే కూర్చోలేక ఆ నీళ్ళ గిన్నె తోమబోయాను. అడుగున తెల్లటి పొర గోటికి కూడా లేవనంతగా పట్టుకుని ఉంది. అది సున్నం, నిర్దోషి. ఏ బావి నీళ్ళు మరిగించినా పట్టేదే. కానీ దాన్ని గీకుతున్న నా చెయ్యి ఆగిపోయింది. మరిగితే పోయేది నీళ్ళు. నీళ్ళలో కరిగినది ఎక్కడికీ పోదు.

అల్లుడు ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. "బాబూ, మీ మందులో ఏం కలుపుతారు?"

"చాలా ఉంటాయండీ. ఎక్కువ భాగం తెల్ల ఉప్పు. పర్‌క్లోరేట్ అంటారు. మంటకి ఊపిరి పోసేది అదే. పొడిగా ఉంటే దానంత చెడ్డది లేదు. నీళ్ళు తగిలితే మాత్రం ఇట్టే కరిగి మాయమైపోతుంది. ఇక భయం లేదు."

మాయమైపోతుంది! గోతిలోంచి నేలలోకి, నేలలోంచి బావిలోకి.

గడ్డివామి దగ్గర కుక్క తాను తినదు, ఎద్దును తిననివ్వదు. ఈ ఉప్పు సరిగ్గా ఆ కుక్కే. అయోడిన్ గ్రంథిలోకి వెళ్ళే గుమ్మంలో, అయోడిన్ నిలబడవలసిన చోట తాను నిలబడుతుంది. లోపలికి వెళ్ళి చేసేది ఏమీ లేదు, వచ్చేదాన్ని రానివ్వదు. గ్రంథి మితిమీరి పనిచేసే రోగులకు, దాన్ని అణచడానికి ఒకప్పుడు వైద్యులు ఈ ఉప్పునే మందుగా ఇచ్చారు. అణచవలసిన అవసరం ఏమీ లేని మా పిల్లకు దాన్ని గ్లాసులో పోసి, పక్కన నిలబడి తాగిస్తున్నారు. మాత్ర తల్లి కొరతను తీరుస్తుంది. కానీ బిడ్డ సొంత గ్రంథి పనికి పూనుకునే సమయం ఇదే. ఈ ఉప్పు తల్లి కడుపులోని మాయను దాటి బిడ్డను చేరుతుంది. ఒక్కటే ఊరట: తాగడం మానేస్తే ఒంట్లోంచి త్వరగానే వెళ్ళిపోతుంది. మానిపించాలి, అంతే.

వియ్యపురాలు సంచి దించగానే చెప్పాను. "వదినగారూ, ఆ నీళ్ళు ఇక అమ్మాయికి ఇవ్వకండి."

"ఏం, గ్లాసు సరిగ్గా తోమలేదా?"

"గ్లాసు శుభ్రంగానే ఉంది. నీళ్ళలో ఫ్యాక్టరీ ఉప్పు ఉందని నా అనుమానం."

"నేనూ అవే తాగుతున్నాగా. ఉప్పగా లేవే?"

"నాలుకకు తెలియనంత ఉంటుంది. మరిగిస్తే నీళ్ళు తగ్గుతాయి, ఉప్పు తగ్గదు. సగానికి మరిగిస్తే గ్లాసులో రెట్టింపు అవుతుంది."

ఆమె సంచిలోని సరుకులను బల్ల మీద ఒక్కొక్కటే పేర్చింది. తరువాత నెమ్మదిగా అడిగింది. "అంటే నేను ఎంత శ్రద్ధగా మరిగిస్తే అంత..."

"అవును."

"నా మనవడికి నా చేత్తో నేనే విషం పోస్తున్నానంటారు."

"మీరు తెలిసి చేశారని అనలేదు."

"చదువుకున్నవాళ్ళకి అన్నీ విషాలే!" ఆమె గొంతు చీలింది. "మా ఆయన నీళ్ళు ఉండి చచ్చిపోలేదు వదినగారూ. నీళ్ళు లేక పోయాడు. ఆ రోజు ఆ నేల మీద ఒక్క బిందెడు నీళ్ళు ఉంటే నాకీ శాలువ కప్పే దిక్కు ఉండేది. మీరొచ్చి నాకు నీళ్ళంటే భయపడమంటారా?"

అల్లుడు గుమ్మంలో నిలబడి సర్దిచెప్పబోయాడు. "అమ్మా, నువ్వుండు. ఫ్యాక్టరీవాళ్ళు ఏటా మా బావులు పరీక్ష చేయిస్తారుగా అత్తయ్యగారూ. క్రిములు లేవనే చెప్తారు."

"క్రిముల కోసం వెతికారు, క్రిములు లేవన్నారు. వాళ్ళు చేతులతో కలిపి, గోతిలోకి వదిలేదాని కోసం ఎప్పుడైనా వెతికారా?"

వెతకనిది దొరకలేదని చెప్పడం అబద్ధం కాదు. అందుకే అది అంత సౌకర్యం.

ఇంటి బావి నీళ్ళు, మరిగించిన నీళ్ళు, ఫ్యాక్టరీ గోడ పక్కనే ఉన్న ఇంటి బావి నీళ్ళు మూడు సీసాల్లో పట్టి డాక్టరమ్మకు ఇచ్చాను. ఆమె నన్ను తేరిపార చూసింది. ఎగతాళి చేస్తుందనుకున్నాను; చేయలేదు. తనకు తెలిసిన ప్రయోగశాలకు పంపిస్తానంది. ఫలితం వచ్చేదాకా నీళ్ళ డబ్బాలు తెప్పించి అమ్మాయి గదిలో పెట్టించాను. వియ్యపురాలు నాతో మాటలు మానేసింది. గోడకో కిటికీకో చెప్తున్నట్టు, "కొందరికి అన్నం వడ్డించాను, తింటారో దాన్నీ సీసాలో పట్టి పంపిస్తారో," అనేది.

ఒక మధ్యాహ్నం అమ్మాయి జుట్టు దువ్వుతుంటే, అది నా చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మా, కోప్పడకు."

"చెప్పు."

"అత్తయ్య గ్లాసు పట్టుకుని నిలబడితే వద్దనలేకపోతున్నాను. కళ్ళలో నీళ్ళు పెట్టుకుంటుంది."

"ఎన్నిసార్లు తాగావు?"

"నువ్వు ఎదురుగా లేనప్పుడల్లా."

నేను స్నానానికి, బజారుకు, డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ! కాపలా కాస్తున్నానని నేను నిశ్చింతగా ఉన్నాను. అమ్మాయి కడుపు మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. లోపల బిడ్డ కదిలింది. ఆ కదలిక చురుకైనదో మందకొడిదో నేను తేల్చుకోలేకపోయాను. ఆ రోజు నుంచి గదిలోంచి కదలలేదు.

చివరికి డాక్టరమ్మ ఫోన్ చేసింది. అందరినీ పిలిచి, అందరికీ వినపడేట్టు ఫోన్ బల్ల మీద పెట్టాను.

"మూడింటిలోనూ ఆ ఉప్పు ఉందండీ. ఉండకూడనంత ఉంది. మరిగించినదానిలో బావిలో ఉన్నదానికి సుమారు రెట్టింపు. కానీ ఒకటి అడగాలి. ఫ్యాక్టరీకి దగ్గర మీ ఇల్లా, ఆ రెండో ఇల్లా?"

"ఆ రెండో ఇల్లే," అన్నాడు అల్లుడు.

"విచిత్రం. మీ బావిలోనే చాలా ఎక్కువగా ఉంది. బావి దగ్గర ఏమైనా ఉతుకుతారా?"

పెరటి తలుపు తెరిచే ఉంది. దానిలోంచి తొట్టి కనిపిస్తోంది. నిన్నటి బట్టలు అందులో నిండా మునిగి ఉన్నాయి, చచ్చిన పాముల్లా.

వియ్యపురాలి చేతిలో కోడలి కోసం చల్లార్చిన గ్లాసు ఉంది. ఆమె ఆ గ్లాసుతో పెరట్లోకి వెళ్ళింది. బావి గట్టు దగ్గర ఆగింది, వెనక్కి తిరిగింది. మొక్కల దగ్గర వంగింది, మళ్ళీ లేచింది. చివరికి గ్లాసు అలాగే పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఇన్నాళ్ళకు నాతో మొదటి మాట అది.

"ఎక్కడ పారబొయ్యను వదినగారూ?"

మర్నాడు సాయంత్రం కొడుకు పెరటి తలుపు దగ్గర చొక్కా విప్పి తొట్టి వైపు చెయ్యి చాచాడు.

"వెయ్యకు," అంది వియ్యపురాలు.

"అమ్మా, ఎండువి. ఇంట్లో పొయ్యి..."

"పొయ్యి వెలిగించలేదు. ఈ పూట వెలిగించను కూడా. ఆ మూల పెట్టి నువ్వు లోపలికి నడువు."

ఆ బట్టలు ఆరిపోయి, పెరట్లో మూటగా, ఎవరూ దగ్గరికి పోకుండా పడి ఉన్నాయి. ఉదయాన్నే ఆమె శాలువ తీసి పక్కన పెట్టింది. ఉన్నిబట్ట నిప్పురవ్వలు పుట్టిస్తుందని మొగుడు చెప్పాడట. వట్టి నూలు చీరతో మూట చేతిలోకి తీసుకుని ఫ్యాక్టరీకి బయలుదేరింది. ఇన్నేళ్ళలో ఆమె ఎండు పని బట్టను తాకడం అదే మొదటిసారి.

"నేనూ వస్తాను," అన్నాను.

"రండి. కానీ పక్కన నడవకండి. వెనక రండి."

మూటను ఒంటికి దూరంగా, చేతులు చాచి, బతికున్న పామును పట్టుకున్నట్టు పట్టుకుని నడిచింది. టీ కొట్టు పొయ్యి కనిపించగానే వీధి దాటింది. ఒకడు సిగరెట్ ముట్టించబోతుంటే, "ఆర్పెయ్యి నాయనా, నీకు పుణ్యముంటుంది!" అని అరిచింది. ఆమె మెడ వెనక చెమట కారుతోంది. ఎప్పుడూ చలి అనే మనిషికి.

మేనేజరు మమ్మల్ని గేటు దగ్గరే కలిశాడు. మూట చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏంటమ్మా ఇది? ఎండు బట్టలు ఇలా మోసుకొస్తారా? ఎంత ప్రమాదం! తడిపి తేవాల్సింది."

"ప్రమాదమని తమకు తెలుసన్నమాట. మంచిది. మీ ప్రమాదం మీ దగ్గరే ఉంచుకోండి. ఇకమీదట నా కొడుకు బట్టలు ఇక్కడే విప్పుతాడు, ఇక్కడే వదిలేస్తాడు. మీరే ఉతుక్కోండి."

"నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయని పరీక్షల్లో..."

"బాబూ," అన్నాను, "గోతిలోకి వదిలే నీళ్ళు ఎక్కడికి పోతాయి?"

అతను నీళ్ళు నమిలాడు. పైవాళ్ళతో మాట్లాడాలన్నాడు. వియ్యపురాలు మూటను అతని కాళ్ళ ముందు, పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా, దించింది. ఆ తరువాత గేటు లోపల బట్టలుతికే గది కట్టారు. వీధికి డబ్బా నీళ్ళు పంపుతున్నారు. ఆ గది నీళ్ళు ఎక్కడికి పోతాయని మళ్ళీ అడిగాను. ప్రస్తుతానికి గోతిలోకే అన్నారు. ప్రస్తుతానికి!

నెలలు నిండాక మనవరాలు పుట్టింది. ఏడ్చింది, పాలు తాగింది. మడమ మీద సూదితో గుచ్చి రక్తపు బొట్లు తీసుకెళ్ళారు. ఆ ఫలితం వచ్చేదాకా వియ్యపురాళ్ళం ఇద్దరం ఆసుపత్రి వరండాలో ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఆమె ఒకసారి అంది. "తప్పు తేలితే మీ పిల్ల నన్ను క్షమిస్తుందా?"

"గ్లాసు వద్దనలేకపోయినందుకు అది తననే తిట్టుకుంటోంది. నేను కాపలా సరిగ్గా కాయలేదని నన్ను తిట్టుకుంటున్నాను. మీ వంతు వచ్చేసరికి తిట్లు అయిపోతాయి లెండి."

ఆమె నవ్వబోయి మానేసింది.

డాక్టరమ్మ స్వయంగా వచ్చింది. "పాప థైరాయిడ్ మామూలుగా ఉంది. సరైన సమయానికే ఆపినట్టున్నారు."

వియ్యపురాలు రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నేను లేచి డాక్టరమ్మ వెంట రెండడుగులు నడిచాను.

"ఈ పరీక్ష ఇవాళ్టి సంగతి చెప్తుంది. మొదటి నెలల సంగతి?"

ఈసారి ఆమె తప్పించుకోలేదు. "దానికి పరీక్ష లేదండీ. పాప పెరగాలి, మనం చూస్తూ ఉండాలి."

అప్పటి నుంచి చూస్తున్నాం. కళ్ళు వెలుతురును వెంబడిస్తున్నాయా, పిలిస్తే తల తిప్పుతోందా, నవ్వు సమయానికి వచ్చిందా? ఆలస్యమైన ప్రతి చిన్న విషయానికీ మా ఇద్దరి గుండెలు ఆగుతాయి. మొన్న నేను వంటగదిలో ఉండగా పాప గదిలో గిన్నె మూత ఒకటి గట్టిగా మోగింది; వెంటనే పాప ఏడుపు. పరుగెత్తాను. వియ్యపురాలు పాప తల వెనక, మూత చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఉలిక్కిపడింది, చూశారా?"

"విన్నాను."

"వెంటనే ఉలిక్కిపడింది. ఆలస్యం లేదు. మళ్ళీ చెయ్యనా?"

"వద్దు వదినగారూ. నిద్రపోనివ్వండి."

పాప ఏడుపు మానింది. ఆమె మూత కింద పెట్టలేదు. పెట్టమని నేనూ అనలేదు.